పాఠకుల ప్రశ్నలు: తక్కువ ఖర్చులో రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్

రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ కొనడం గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. అడిగిన విషయాలు వేరైనా, అందరికీ ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. పాత కంప్యూటరుకు మనం ఇచ్చే డబ్బు దానిలో మిగిలి ఉన్న సంవత్సరాలకే గాని, దాని పెట్టె మీద అతికించిన పేరుకు కాదు. కింది సమాధానాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

ప్రశ్న: పిల్లల చదువుకు, ఇంటి లెక్కలు రాసుకోవడానికి ఒక డెస్క్‌టాప్ కావాలి. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. రీఫర్బిష్డ్ అంటే ఎవరో వాడి పక్కన పడేసినదే కదా అని మావారు అంటున్నారు. సెకండ్ హ్యాండ్‌కు, దీనికి నిజంగా తేడా ఉందా?

తేడా ఉందండీ. అయితే ఆ తేడా యంత్రంలో కంటే అమ్మేవారు దాని మీద చేసిన పనిలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ వస్తువును ఉన్నది ఉన్నట్టుగా చేతిలో పెడతారు. రీఫర్బిష్డ్ అని చెప్పి అమ్మేవారు దానిని విప్పి, దుమ్ము దులిపి, భాగాలన్నీ పరీక్షించి, చెడిపోయినవాటిని మార్చి, పాత సమాచారాన్ని పూర్తిగా చెరిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించి, కొన్ని నెలలైనా వారంటీ ఇవ్వాలి. బోర్డు మీద ఆ మాట రాసుకున్నంత మాత్రాన ఇవన్నీ జరిగాయని అనుకోవడానికి వీల్లేదు కాబట్టి, "ఇందులో మీరు ఏమేమి మార్చారు?" అని అడగండి. పని చేసినవారు ఎస్‌ఎస్‌డీ (సమాచారం దాచే చిప్‌ల డిస్క్) కొత్తదని, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు (వేడిని బయటికి పంపే పూత) మార్చామని వెంటనే చెప్పగలుగుతారు. చెప్పినదానిని బిల్లు మీద కూడా రాయించుకోండి.

ఇక ఎవరో పడేసినదన్న అనుమానం గురించి. రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లలో చాలావరకు పెద్ద కార్యాలయాల నుంచి వస్తాయి. ఆ సంస్థలు కంప్యూటర్లను కొన్నేళ్ల లీజుకు తీసుకుని, గడువు తీరగానే అవి బాగా పనిచేస్తున్నా సరే మొత్తంగా మార్చేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి శ్రేణులు ఇలా బయటకు వచ్చేవే. ఆఫీసులో చెడితే త్వరగా బాగుచేయడానికి వీలుగా తయారైనవి కావడం వల్ల వీటిలో చాలా మోడళ్లకు స్క్రూడ్రైవర్ అవసరం లేకుండానే మూత తెరుచుకుంటుంది. ప్రతి భాగాన్నీ ఎలా విప్పాలో చెప్పే సర్వీసు పుస్తకం తయారీదారు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో అరిగిపోయే బ్యాటరీ, మడతబందులు, కీబోర్డు డెస్క్‌టాప్ పెట్టెలో ఉండవు కనుక, కదలకుండా ఒక చోట కూర్చుని వాడుకునేవారికి పాత ల్యాప్‌టాప్ కంటే పాత డెస్క్‌టాప్‌నే నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

ఏ గ్రేడు, బీ గ్రేడు అని అమ్మేవారు చెప్పేది సాధారణంగా పై రూపానికి సంబంధించినది. లోపలి భాగాలు ఒకటే అయితే గీతలు పడిన బీ గ్రేడు తీసుకుని, మిగిలిన డబ్బును ర్యామ్‌కు వాడుకోండి.

ప్రశ్న: ఒకే ధరకు రెండు డెస్క్‌టాప్‌లు చూశాను. ఒకటి "ఐ7, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్". రెండోది "ఐ5-8500, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ". అంకెలు చూస్తే మొదటిదే మెరుగ్గా కనిపిస్తోంది. స్నేహితుడు రెండోది తీసుకోమంటున్నాడు. నేను డిగ్రీ విద్యార్థిని, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను.

మీ స్నేహితుడి మాట వినండి.

మొదటి ప్రకటనలో ఉండవలసిన ముఖ్యమైన అంకె లేదు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ పేరులో ఐ5, ఐ7 అన్నవి ఆ ఏటి శ్రేణిలో దాని స్థాయిని మాత్రమే చెబుతాయి. ఏ కాలపుదో చెప్పేది ఆ తరువాతి సంఖ్య. ఐ5-8500లో మొదటి 8 అంటే 8వ జనరేషన్. ఐ5-10400 అయితే 10వది. ఐ7-2600 కూడా ఐ7నే, కానీ అది 2011 నాటిది. ఐ7-4770 అయితే 2013 నాటిది. 10వ జనరేషన్‌కు చెందిన ఐ3-10100లో, ఆ 4770లో ఉన్నట్టే 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి, పైగా ఒక్కొక్క కోరూ దాని కంటే వేగంగా పనిచేస్తుంది. జనరేషన్ చెప్పకుండా ఐ7 అని మాత్రమే రాసిన ప్రకటనలు చాలాసార్లు పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుగా ఉంటాయి. పూర్తి మోడల్ సంఖ్య చెప్పేంతవరకు ధర గురించి మాట్లాడకండి.

8వ జనరేషన్ కంటే పాతది వద్దని గీత గీయడానికి బలమైన కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్ల పొడిగింపు ప్రకటించినా, కొత్తగా కొనే యంత్రానికి దానిని ఆధారం చేసుకోలేము. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రపరిచే ఏర్పాటు), సెక్యూర్ బూట్‌ (మొదలయ్యేటప్పుడు నకిలీ సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే ఏర్పాటు)తో పాటు ఇంటెల్‌లో కొద్దిపాటి మినహాయింపులు తప్ప 8వ జనరేషన్ గాని, ఆ పైది గాని ఉండాలి. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో దాదాపుగా 2000 శ్రేణి నుంచి అర్హత మొదలవుతుంది, కానీ అక్కడ మినహాయింపులు ఉన్నాయి కాబట్టి మోడల్ పేరును మైక్రోసాఫ్ట్ జాబితాలో సరిచూసుకోవాలి. అర్హత లేని యంత్రాలలో కూడా కొందరు అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. అది నడుస్తుంది, నిజమే. అయితే అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు లావాదేవీలు, చదువుకు సంబంధించిన ఖాతాలు ఉండే కంప్యూటరును అలాంటి స్థితిలో ఉంచుకోవడం మంచిది కాదు.

హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీల సంగతి ఇంకా ముఖ్యం. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ కదిలి సమాచారాన్ని వెదుకుతుంది. సెకనుకు వంద, నూట యాభై చోట్లకు మించి అది వెళ్లలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు వేల సంఖ్యలో చిన్న చిన్న ఫైళ్లు కావాలి. అందువల్ల ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ఆ ముల్లు కోసం ఎదురుచూడవలసిందే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు, సెకనుకు వేల చోట్ల నుంచి చదవగలదు. పాత కంప్యూటరులో చేయదగిన మార్పు ఒక్కటే చెప్పమంటే, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టమనే చెబుతాను. సినిమాలు, ఫొటోలు దాచుకోవడానికి చోటు చాలకపోతే పాత హార్డ్ డిస్క్‌ను రెండోదిగా తగిలించుకోవచ్చు.

వీడియో పాఠాలు చూసేవారు గమనించవలసిన మరొక తేడా ఉంది. ఇంటర్నెట్ వీడియోలలో ఎక్కువగా వాడే వీపీ9 అనే వీడియో కుదింపు పద్ధతిని ఐ5-8500లోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ సొంతంగా విప్పగలదు. 4వ జనరేషన్ గ్రాఫిక్స్‌కు ఆ సామర్థ్యం లేదు కనుక ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి, ఫ్యాను హోరెత్తుతుంది.

రెండోదానిలో లోటు 8 జీబీ ర్యామ్ ఒక్కటే. ప్రోగ్రామింగ్‌కు 16 ఉంటే హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఉన్నది ఒకే 8 జీబీ ముక్కగా ఉందో లేదో చూసి, అలాంటిదే మరొకటి కొన్ని నెలల తరువాత చేర్చండి. రెండు ముక్కలు జంటగా పనిచేసినప్పుడు లోపలి గ్రాఫిక్స్ వేగం కూడా పెరుగుతుంది. 8వ జనరేషన్ డెస్క్‌టాప్‌లు వాడేది డీడీఆర్4 ర్యామ్, 4వ జనరేషన్‌వి వాడేది డీడీఆర్3. ఒకదానిది మరొకదానిలో పట్టదు.

ప్రశ్న: నా బడ్జెట్‌కు 6వ జనరేషన్ ఐ5 మాత్రమే వస్తోంది. మానేయమంటారా?

విండోస్ తప్పనిసరి అయితే మానేసి, మరికొంత కూడబెట్టండి. తప్పనిసరి కాకపోతే మానేయనవసరం లేదు. విండోస్‌కు బదులుగా లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ రకాలైన లైనక్స్ మింట్ గాని, ఉబుంటు గాని ఎక్కించుకుంటే 6వ జనరేషన్ యంత్రం 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీలతో చక్కగా నడుస్తుంది, భద్రతా అప్‌డేట్లు కూడా క్రమంగా వస్తాయి. బ్రౌజర్, ఉత్తరాలు రాయడం, లెక్కల పట్టికలు, వీడియోలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, తెలుగు యూనికోడ్ టైపింగ్ అన్నీ అందులో ఉన్నాయి. నిర్ణయించుకునే ముందు మీరు తప్పక వాడవలసిన సాఫ్ట్‌వేర్ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. మీ ఉద్యోగానికో, పరీక్షకో కావలసిన ప్రోగ్రాము విండోస్‌లో మాత్రమే నడిచేది ఒక్కటి ఉన్నా లైనక్స్ మీకు సరిపోదు.

ప్రశ్న: అరచేతి వెడల్పు పెట్టెలు కూడా అమ్ముతున్నారు. చోటు కలిసివస్తుందని అది తీసుకోవాలనుకుంటున్నాము. మా అబ్బాయి మాత్రం తరువాత గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటానంటున్నాడు.

మీ అబ్బాయి కోరిక గట్టిదైతే ఆ చిన్న పెట్టె వద్దు. అందులో సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుకు చోటు ఉండదు. లోపల ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంటుంది, కరెంటు బయటి అడాప్టరు నుంచి వస్తుంది. ప్రాసెసర్ పేరు చివర సాధారణంగా టీ అక్షరం కనిపిస్తుంది. ఆ అక్షరం ఉన్నవి తక్కువ విద్యుత్తుతో నడిచేలా తయారైనవి. ఐ5-8500 గరిష్ఠంగా 4.1 గిగాహెర్ట్జ్ చేరితే, ఐ5-8500టీ 3.5 దగ్గర ఆగుతుంది. ఇంటి పనులకు ఆ తేడా పెద్దగా తెలియదు. చప్పుడు తక్కువ, విద్యుత్తు తక్కువ. గ్రాఫిక్స్ అవసరం లేని ఇంటికి నేను మెచ్చే ఎంపిక ఇదే. అయితే అసలు అడాప్టరుతోనే తీసుకోండి. డెల్ యంత్రాలు అడాప్టరును గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటాయి.

గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోదలచినవారు టవర్ క్యాబినెట్ చూసుకోవాలి. సన్నగా ఉండే మధ్యరకం పెట్టెలలో సగం ఎత్తు కార్డులే పడతాయి. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందే విద్యుత్తు ప్రమాణం ప్రకారం 75 వాట్లు, కొన్ని చిన్న మోడళ్లలో తయారీదారు అంతకన్నా తక్కువ పరిమితి పెడతారు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చాలి. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఈ ఆఫీసు మోడళ్లలో చాలావాటికి బజారులో దొరికే 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ తగలదు. కనెక్టరు ఆ కంపెనీ సొంతది, ఒక్కోసారి ఆకారం కూడా వేరు. ఆటల కోసమే కొంటున్నట్లయితే ఆఫీసు పెట్టెను మార్చుకుంటూ పోవడం కంటే మామూలు మదర్‌బోర్డు, మామూలు క్యాబినెట్ ఉన్న సెకండ్ హ్యాండ్ యంత్రం చూడటం మేలు.

ప్రశ్న: దుకాణంలో ఓ అరగంట కూర్చుని పరీక్షించడానికి ఒప్పుకున్నారు. ఏమేమి చూడాలి?

ఒప్పుకున్నారంటేనే మంచి గుర్తు. ముందుగా మూత తీయించి లోపల చూడండి. మదర్‌బోర్డు మీది గుండ్రని కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి, ఉబ్బినవి ఉంటే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయండి. పెట్టె మీది సీరియల్ సంఖ్యను, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) కనిపించే సంఖ్యను పోల్చండి. డెల్ అయితే దానిని సర్వీస్ ట్యాగ్ అంటారు, 7 అక్షరాలు ఉంటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడింటి వెబ్‌సైటులలోనూ ఆ సంఖ్య కొట్టి అసలు వారంటీ తేదీలు చూడవచ్చు. "రెండేళ్లదే వాడారు" అన్న మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

తరువాత బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే దానిని తీసి చూపించమనండి. తీయలేమంటే కొనకండి, ఎందుకంటే చాలా ఆఫీసు మోడళ్లలో బోర్డు మీది చిన్న బ్యాటరీ ఊడదీసినా ఆ పాస్‌వర్డ్ పోదు. తేదీ, సమయం తప్పుగా ఉంటే మాత్రం కంగారుపడకండి. అది సీఆర్2032 అనే నాణెం బ్యాటరీ అయిపోయిన గుర్తు, మార్చడం చిన్న పని.

విండోస్ తెరిచాక టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ చూస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయన్నది తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీని తప్పక చూడండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే సాధారణంగా సరే. సంస్థ యాక్టివేషన్ సేవ ద్వారా అయిందని ఉంటే, అది మీ ఇంటికి చెందవలసిన లైసెన్స్ కాదు. ఆ పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులకు ఒకసారి ఆ సంస్థ సర్వరుతో పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. దొంగ యాక్టివేటర్లు ఆ సర్వరు ఉన్నట్టు నటించి పనిచేస్తాయి, వాటితో పాటు ఇంకేమి లోపలికి వస్తాయో చెప్పలేము.

డిస్క్ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లండి. డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో అది చూపిస్తుంది. ఏడాది పొడవునా ఆపకుండా నడిస్తే 8,760 గంటలు అవుతుంది, దానితో లెక్క వేసుకోవచ్చు. హార్డ్ డిస్క్ అయితే మార్చిన సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు (చెడిన, చెడిందని అనుమానమున్న చోట్ల లెక్క) సున్నా ఉండాలి. ఆపైన అధిక నాణ్యత వీడియోలు మూడు, నాలుగు ఒకేసారి నడిపి పదిహేను నిమిషాలు వదిలేయండి. యంత్రం దానంతట అది ఆగిపోయినా, మళ్లీ మొదలైనా తీసుకోవద్దు. ఫ్యాను గట్టిగా అరుస్తూ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంటే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు, మార్చి ఇమ్మనండి. ఈలోగా ముందూ వెనకా ఉన్న యూఎస్‌బీ పోర్టులన్నింటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, ఇయర్‌ఫోన్ తగిలించి వినండి.

ర్యామ్ పరీక్షకు అరగంట చాలదు. ఇంటికి తెచ్చాక మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా వారంటీ కింద మార్పించుకోండి.

ప్రశ్న: ఒక అమ్మకందారు దగ్గర కొన్న డెస్క్‌టాప్‌ను ఇంట్లో రీసెట్ చేశాను. ఇప్పుడు ఎవరో కంపెనీ పేరు చూపించి వారి ఉద్యోగి ఖాతాతో లాగిన్ అవమంటోంది. ఫార్మాట్ చేసినా అదే తంతు. ఏమి చేయాలి?

మీ తప్పేమీ లేదండీ. ఆ యంత్రాన్ని వాడిన సంస్థ దానిని సంస్థల కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా సిద్ధం చేసే మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ సేవలో నమోదు చేసి, వదిలించుకునేటప్పుడు ఆ నమోదును తొలగించడం మరిచిపోయింది. హార్డ్‌వేర్ గుర్తింపు మైక్రోసాఫ్ట్ సర్వరులో ఉంటుంది కాబట్టి డిస్క్‌ను ఎన్నిసార్లు చెరిపినా, చివరికి కొత్త డిస్క్ పెట్టినా, విండోస్‌ను ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే ఆ తెర మళ్లీ వస్తుంది. ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కించి దాటిపొమ్మని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే తదుపరి రీసెట్‌తో మొదటికే వస్తారు.

నమోదు తొలగించగలిగింది ఆ సంస్థే. అమ్మినవారు ఆ సంస్థతో మాట్లాడి తొలగింపజేయాలి, లేదా యంత్రాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ తెరను ఫొటో తీసి, బిల్లు జతచేసి, రాతపూర్వకంగా అడగండి. వారు వాయిదాలు వేస్తుంటే మరమ్మతు కోసం కాచుకుని ఉండకుండా డబ్బు వాపసు కోరండి. కొనబోయే వారందరికీ నా విన్నపం: దుకాణంలోనే ఒకసారి రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కు కలిపి, మొదటి తెర ఏమి అడుగుతుందో చూడండి.

ప్రశ్న: తెచ్చిన డెస్క్‌టాప్‌లో వైఫై లేదు, హెచ్‌డీఎంఐ కూడా లేదు. మోసపోయామా?

లేదు. ఆఫీసులలో నెట్‌వర్క్ కేబులు వాడతారు కనుక చాలావాటికి వైఫై ఉండదు, చిన్న యూఎస్‌బీ వైఫై పరికరంతో సరిపోతుంది. హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్టు ఉంటుంది. దాని నుంచి మీ మానిటరు హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబులు అడిగి తీసుకోండి. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్టుకు వెళ్లే కేబులు వేరు, అది ఇక్కడ పనిచేయదు.

ప్రశ్న: మా గ్రంథాలయానికి ఆరు డెస్క్‌టాప్‌లు కొనాలి. వేర్వేరు మోడళ్లు కలిపి తీసుకుంటే ఇంకా చవకగా ఇస్తామంటున్నారు.

కలిపి తీసుకోకండి. ఆరూ ఒకే మోడల్ అయితే ఒకదాని ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, ఫ్యాను మరొకదానికి సరిపోతాయి, ఒకదానిలో సిద్ధం చేసిన విండోస్ ఏర్పాట్లను మిగిలినవాటికి నకలు తీసుకోవచ్చు. వీలైతే అదే మోడల్‌లో ఏడోది ఒకటి, బీ గ్రేడుదైనా సరే, విడిభాగాల కోసం కొని పక్కన పెట్టండి. కంపెనీ సొంత ఎస్‌ఎంపీఎస్ ఉన్న యంత్రాలకు మూడేళ్ల తరువాత విడిభాగం వెదకడం కంటే ఇది చవక. బిల్లులో ఆరు సీరియల్ సంఖ్యలూ విడివిడిగా రాయించండి, లేకపోతే వారంటీ సమయంలో ఏ యంత్రం ఆ దుకాణానిదో తేల్చడం కష్టమవుతుంది. డెస్క్‌టాప్‌కు బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే రాస్తున్న పని అక్కడికక్కడ పోతుంది. యూపీఎస్ ఖర్చును కూడా మొదటి అంచనాలోనే చేర్చండి.